మూడు కార్డులు, 2 లక్షల 86 వేల అప్పు: ఒక ఇంటి కేస్ స్టడీ

మియాపూర్ అవతల ఉండే ఒక కుటుంబం కేసు ఇది. ఆయన ఫార్మా కంపెనీలో ల్యాబ్‌లో చేస్తారు, చేతికొచ్చేది 48 వేలు. ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచరు, 20 వేలు. ఒక పాప. వాళ్ళు సరే అన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను, అంకెలు దగ్గరి వందకో వెయ్యికో రౌండ్ చేశాను. నేను ఇదివరకు ఒక బ్యాంకు కార్డుల విభాగంలో పనిచేసి బయటికొచ్చి, ఇప్పుడు ఫీజు తీసుకుని ఇళ్ళ అప్పుల లెక్కలు చూసే పని చేస్తున్నా. ఈ కేసే ఎందుకంటే, ఇందులో జీతం పెరగలేదు, ఊళ్ళో పొలం అమ్మలేదు, బ్యాంకుతో సెటిల్‌మెంట్ (కొంత కట్టి మిగతాది వదిలేయమనడం) చేసుకోలేదు, అయినా అప్పు తీరింది, తీరిన వరస చాలామందికి పనికొస్తుంది.

వాళ్ళు వచ్చేసరికి పరిస్థితి ఇదీ. మొదటి కార్డు మీద 1,48,000, నెలకి 3.75 శాతం వడ్డీ. రెండోదాని మీద 86,000, 3.6 శాతం. మూడోది 52,000, 3.5 శాతం. ఇవి కాక ఒక లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు, నెలకి 3 వేల ఈఎంఐ. ఈ యాప్ సంగతి ఆవిడకి తెలీదు, సిబిల్ రిపోర్ట్ (మన పేరు మీదున్న అప్పులు, వాటిని ఎలా కడుతున్నామో చూపించే రికార్డు) తీయిస్తే బయటపడింది. నేను ఎవరొచ్చినా ముందు ఆ రిపోర్టే తీయిస్తా, ఏడాదికోసారి ఫ్రీగా ఇస్తారు, మనిషి చెప్పడం మర్చిపోయినవీ చెప్పలేకపోయినవీ అన్నీ అందులో ఉంటాయి. ఆవిడ ఆ లైన్ చూసి ఏమీ అనలేదు, కాసేపాగి "ఇంకేమైనా ఉన్నాయా, ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత తెలిస్తే మాత్రం ఊరుకోను" అంది ఆయనతో. ఇంకేం లేవు. నిజానికి ఆ మాటతోనే సగం పని అయింది, ఎందుకంటే భార్యాభర్తల్లో ఒకరికే తెలిసిన అప్పు ఎప్పటికీ తీరదు, రెండోవాళ్ళు తెలియకుండానే ఖర్చు పెడుతూ ఉంటారు.

ఇంటి ఖర్చులు: అద్దె 14 వేలు, ఊళ్ళో అమ్మానాన్నలకి 5 వేలు, బండి ఈఎంఐ 4,100, చిట్టీ 5 వేలు, పాప స్కూల్ ఫీజు నెలకి సర్దితే 4 వేలు, సరుకులు పాలు కూరగాయలు గ్యాస్ కరెంటు పెట్రోలు అన్నీ కలిపి 19 వేలు. మొత్తం 51,100. జీతాలు 68 వేలు. అంటే కాగితం మీద 16,900 మిగలాలి. మిగిలే ఇంట్లో అప్పు ఎలా పెరిగింది అన్నది ఆయన ప్రశ్న, "సార్, మేం పెద్దగా ఖర్చు పెట్టేవాళ్ళం కూడా కాదు" అన్నాడు, అబద్ధం కాదు అది.

ఆరు నెలల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. సరుకుల్లో 9,500 దాకా మూడో కార్డు మీద వెళ్తోంది. అది రూపే కార్డు, 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి లింక్ చేసుకోవచ్చు కదా, వీళ్ళ ఫోన్లలో అదే డిఫాల్ట్‌గా సెట్ అయి ఉంది. కిరాణా కొట్లో స్కాన్ చేసి పిన్ కొడితే పోయేది బ్యాంకులో డబ్బు అనుకుంటున్నారు గానీ పోయేది అప్పు. అటు బ్యాంకు ఖాతాలో ఆ మేరకి డబ్బు మిగిలినట్టు కనపడుతుంది, కనపడింది కాబట్టి ఆదివారం బిర్యానీ, ఆన్‌లైన్‌లో పాపకి డ్రెస్, ఎవరిదో గృహప్రవేశం, ఇలా నెలకి 11 వేల పైచిలుకు వెళ్ళిపోతోంది, ఎటు వెళ్తోందో ఇద్దరికీ తెలీదు. నా లెక్కలో ఈ ఇంటి రోగం ఇదొక్కటే, మిగతావన్నీ దీని వల్ల వచ్చినవే.

ఒక బియ్యం బస్తా చూపిస్తా. 6వ తారీఖున 1,500 పెట్టి బస్తా కొన్నారు, స్టేట్‌మెంట్‌లో ఉంది. ఆయన అనుకున్నది ఏంటంటే కార్డు మీద కొంటే నలభై యాభై రోజులు వడ్డీ ఉండదు, పైగా పాయింట్లు వస్తాయి అని. కానీ ఆ సౌకర్యం పోయిన నెల బిల్లు పూర్తిగా కట్టినవాళ్ళకే. పాత బాకీ ఉంచి మినిమమ్ డ్యూ (ఆ నెల కనీసం ఇంత కట్టాలని బిల్లులో ఇచ్చే అంకె) మాత్రమే కట్టేవాళ్ళకి కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ. ఆ బస్తాకి 3.5 శాతం అంటే నెలకి 52 రూపాయల 50 పైసలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 62. బియ్యం నెలన్నరకి అయిపోతాయి, 62 రూపాయలు మాత్రం అసలు కట్టేదాకా నెలనెలా వస్తూనే ఉంటుంది. పాయింట్ల కింద వచ్చింది పదిహేను రూపాయలు. ఆవిడ టీచరు కదా, ఈ లెక్క ఆవిడే పెన్నుతో వేసింది, వేశాక ఫోన్ తీసి యూపీఐలోంచి ఆ కార్డు అక్కడికక్కడే తీసేసింది.

మూడు కార్డులకీ వడ్డీ, జీఎస్టీ కలిపితే నెలకి 12,350. మినిమమ్ డ్యూ 5 శాతం చొప్పున 14,300. అంటే మినిమమ్ కట్టుకుంటూ పోతే అసలులో తగ్గేది 1,950, అదే నెల 9,500 కొత్తగా గీకుతున్నారు. మినిమమ్ మాత్రమే కడితే అప్పు ఏళ్ళ తరబడి సాగుతుందని స్టేట్‌మెంట్ మీద రాయమని రిజర్వ్ బ్యాంక్ రూలు పెట్టింది, రాస్తున్నారు కూడా, కానీ పీడీఎఫ్ తెరిచేదెవరు, మెసేజ్‌లో వచ్చే మినిమమ్ అంకె చూసి కట్టేస్తారు. 3.75 శాతం అంటే ఏడాదికి 45, జీఎస్టీతో 53 దాటుతుంది. ఇక్కడ ఇంకో సంగతి, 30 శాతానికి మించి వడ్డీ వేయకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది, దాన్ని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఏదో ఒకరోజు కోర్టు తగ్గిస్తుందిలే అని ఎదురుచూస్తున్నవాళ్ళు ఆ ఆశ వదిలేసుకోండి.

రెండో కార్డుది వేరే కథ. దాన్ని ఆయన కొన్ని నెలలుగా రొటేషన్ చేయిస్తున్నాడు. తెలియనివాళ్ళకి: ఒకతను మన బిల్లు తన డబ్బుతో కట్టేస్తాడు, వెంటనే తన మెషీన్ మీద మన కార్డు గీకి ఆ డబ్బు వెనక్కి తీసుకుంటాడు, కమిషన్ 2.5 శాతం. 86 వేలకి 2,150. అదే వడ్డీ కడితే జీఎస్టీతో 3,650. చవకే కదా అంటాడు, అంకె వరకు చూస్తే నిజమే. కానీ ఇందులో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు, పదేళ్ళు తిప్పినా 86 వేలు 86 వేలే. కొనని వస్తువు కొన్నట్టు గీకడం అది, బ్యాంకు పసిగడితే కార్డు బ్లాక్ చేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం ఎక్కడంటే, అతను బిల్లు కట్టేశాక, మళ్ళీ గీకేలోపు బ్యాంకు లిమిట్ తగ్గించిందనుకోండి, అతని 86 వేలు ఇరుక్కుపోతాయి, అప్పుడు ఆ బాకీకి మీ ఇంటికొచ్చేది బ్యాంకు వాళ్ళు కాదు. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం రికవరీ వాళ్ళు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, దాటితే కంప్లైంట్ పెట్టొచ్చు. రొటేషన్ అతనికి ఏ రూలూ లేదు. అందుకే నెలకి 1,500 ఎక్కువ పడినా ఆ నెల నుంచే రొటేషన్ మానిపించి, మామూలుగా మినిమమ్ కట్టమన్నాను.

ఇప్పుడు అసలు ప్లాన్. వాళ్ళింట్లో ఆవిడ బంగారం ఉంది, దాదాపు సగం నడిచిన 2 లక్షల చిట్టీ ఉంది. ఆయన వచ్చిన రోజే "గోల్డ్ లోన్ పెట్టి కట్టేద్దామా సార్, లేదా పర్సనల్ లోన్ తీసుకోనా" అన్నాడు. రెండూ వద్దన్నాను, అప్పుడే వద్దన్నాను. కారణం నేను బ్యాంకులో ఉన్నప్పటి నుంచి చూస్తున్నదే: లోన్ తెచ్చి కార్డులు జీరో చేస్తారు, లిమిట్ మొత్తం ఖాళీగా కనపడుతుంది, నెల ఖర్చు అలవాటు మారలేదు కాబట్టి మళ్ళీ కార్డే గీకుతారు, ఏడాది తిరిగేసరికి లోనూ ఉంటుంది, కార్డులూ నిండుతాయి. చిల్లు పూడ్చకుండా బిందె నింపడం అది. అందుకని ముందు రెండు నెలలు కార్డు ముట్టకుండా, ఉన్న జీతంతోనే ఇల్లు నడిపి, మూడు మినిమమ్‌లూ కట్టి చూపించండి, ఆ తర్వాతే బంగారం సంగతి మాట్లాడదాం అన్నాను. ఆయనకి నచ్చలేదు, ఈ రెండు నెలల వడ్డీ దండగ కదా అన్నాడు. దండగే, దాదాపు 25 వేలు. కానీ ఆ 25 వేలు పెట్టకుండా ఆవిడ బంగారం బ్యాంకుకి పంపడం నాకిష్టం లేదు.

ఆ రెండు నెలలు గట్టిగానే గడిచాయి. సరుకుల ఖర్చు 19 వేల నుంచి 17,500కి తెచ్చారు. షాపింగ్ యాప్‌లలో సేవ్ అయిన కార్డులన్నీ తీసేశారు, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి మూడు కార్డులకీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆఫ్ చేశారు (ఈ స్విచ్ ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉంటుంది, చాలామందికి తెలీదు). 49,600 ఖర్చులు, 14,300 మినిమమ్‌లు, యాప్ ఈఎంఐ 3 వేలు పోతే చేతిలో మిగిలేది 1,100. రెండో నెల శ్రావణం వచ్చింది, దగ్గరి బంధువుల పెళ్ళి పడింది. మామూలుగా అయితే వెండి వస్తువు పెట్టేవాళ్ళట, ఈసారి 1,116 చదివించి వచ్చారు, ఆయన ఆ నెలంతా బండి ఇంట్లో పెట్టి కంపెనీ బస్సులో వెళ్ళి పెట్రోల్ డబ్బులతో దాన్ని సర్దారు. వరలక్ష్మీ వ్రతానికి చీర కొనలేదు. ఆవిడకి అది కష్టంగానే అనిపించింది, చెప్పింది కూడా, కానీ కొనలేదు.

రెండు నెలల చివర లెక్క చూస్తే 28,600 కట్టారు, అప్పు తగ్గింది 3,900. ఆయన మొహం వాడిపోయింది. నేను చూసింది వేరు, కార్డులు తీసుకున్నప్పటి నుంచీ మొత్తం బాకీ వరసగా రెండు నెలలు తగ్గడం ఇదే మొదటిసారి. ఇక బంగారం కదిలించొచ్చు అని నాకు నమ్మకం కుదిరింది.

మూడో నెల గోల్డ్ లోన్. జీతం పడే బ్యాంకులోనే, ఏడాదికి తొమ్మిదిన్నర శాతం. లక్షా పదిహేను వేల దాకా ఇస్తామన్నారు. 94 వేలే తీసుకోమన్నాను, రెండో కార్డుకి 84,700, యాప్ లోన్‌లో మిగిలిన 9 వేలు, అంతే. ఎక్కువ ఇస్తామంటే తీసుకుని ఇంట్లో పెట్టుకోవడం వద్దు, ఉన్న డబ్బు ఉండదు. నెలకి 3,650 పోయే చోట ఇప్పుడు 750 లోపు వడ్డీ.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి. రెండో కార్డు మొత్తం కట్టేశారు, కార్డు బ్యాంకు యాప్‌లో జీరో చూపించింది, తర్వాతి నెల మళ్ళీ 2,400 బిల్లు వచ్చింది. ఆయన కంగారుపడి ఫోన్ చేశాడు, మోసం అనుకున్నాడు. మోసం కాదు, స్టేట్‌మెంట్ తయారైన రోజు నుంచి మనం కట్టిన రోజు దాకా ఉన్న ఇరవై రోజుల వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. చాలామంది కార్డు క్లియర్ అయిపోయిందనుకుని ఆ మెసేజ్ చూడరు, దాని మీద లేట్ ఫీజు పడుతుంది, సిబిల్‌లో ఆలస్యం ఎక్కుతుంది. కార్డు క్లోజ్ చేయాలనుకుంటే ఈ చివరి బిల్లు కూడా కట్టాకే రిక్వెస్ట్ పెట్టండి. బాకీ ఏమీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలి, ఆపైన ఆలస్యమైతే రోజుకి 500 బ్యాంకే మనకి కట్టాలి, 2022 రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది.

ఇక మిగిలినవి మొదటిది, మూడోది. నెలకి 15 వేలు కట్టే స్థితికి వచ్చారు. వడ్డీ ఎక్కువున్న మొదటి కార్డుకి పెట్టాలా, చిన్నదైన మూడోదానికా? లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీదే ముందు. కానీ ఇక్కడ తేడా పావు శాతం, 51 వేల మీద నెలకి 150 రూపాయలు. దానికోసం తల బద్దలుకొట్టుకోవడం అనవసరం, చిన్నది ముందు తీసేస్తే ఒక బిల్లు తగ్గుతుంది, ఇంట్లో ధైర్యం వస్తుంది. తేడా ఒక శాతం ఉంటే మాత్రం నేను వడ్డీ వైపే వెళ్ళమనేవాణ్ణి.

చిట్టీ దగ్గర చర్చ ఎక్కువసేపు నడిచింది. నెలకి 5 వేలు, 40 నెలలు, ఇంకా 18 నెలలుంది. పాడుకుంటే 38 వేలు పోతాయి, చేతికి 1,62,000 వస్తుంది. చివరిదాకా ఉంచితే లాభం, పాప పేరు మీద అనుకున్నాం అని ఆయన పట్టు. మన ఇళ్ళల్లో చిట్టీకి, బంగారానికి, ఎఫ్‌డీకి పేర్లు పెట్టేసి ఉంటాం, ఇది పాప చదువుకి, ఇది పెళ్ళికి అని, దాన్ని కదపడం తప్పులా అనిపిస్తుంది, నాకు ఆ మనసు అర్థమవుతుంది. కానీ ఆ 18 నెలలూ మొదటి కార్డు మీద నెలకి 6,500 చొప్పున 1,17,000 వడ్డీ పోతుంది. 38 వేలు మిగుల్చుకోవడానికి లక్షా పదిహేడు వేలు కట్టడం ఏ పాప కోసం? ఆవిడే ముందు ఒప్పుకుంది. పాడాక డబ్బు చేతికి రావడానికి షూరిటీలు కావాలి, ఆవిడ అన్నయ్య గవర్నమెంట్ టీచరు, ఆయన్ని అడగాలంటే విషయం చెప్పాలి. చెప్పారు. ఆయన వచ్చి సంతకం పెట్టి, "ఇంతదాకా ఎందుకు దాచావు బావా" అని ఒక్క మాట అని వెళ్ళాడట.

చిట్టీ డబ్బుతో మొదటి కార్డు పూర్తిగా పోయింది, వెనక వచ్చే వడ్డీ బిల్లుకి 4 వేలు పక్కన పెట్టి మిగిలింది మూడోదానికి కట్టారు. ఆ మూడోది ఇంకో రెండు మూడు నెలల్లో అయిపోయింది. తర్వాత నెలకి 15 వేలు గోల్డ్ లోన్‌కి మళ్ళించారు, మధ్యలో పాపకి డెంగీ వచ్చి హాస్పిటల్ ఖర్చుతో రెండు నెలలు ఆగింది. అంతా కలిపి ఏడాదిన్నర లోపే అయింది, చిట్టీ వాయిదాలు మాత్రం ఇంకా కడుతున్నారు. ఒకటే కార్డు ఉంచుకున్నారు, అందులో పాతది, లిమిట్ 30 వేలకి తగ్గించమని రాసిచ్చి, మొత్తం బిల్లు ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టారు. అసలు లేకుండా ఉండగలిగితే ఇంకా మంచిదని నా అభిప్రాయం, ఆయన ఒప్పుకోలేదు, అది వాళ్ళ ఇష్టం.

మధ్యలో ఒక సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్ళు ఆయనకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు, సగం కడితే చాలు మేం బ్యాంకుతో మాట్లాడతాం, ముందు మీరు ఈఎంఐలు, బిల్లులు కట్టడం ఆపేయండి, మాకు ఫీజు కట్టండి అని. జీతం వస్తూ, కట్టగలిగే స్థితిలో ఉన్నవాళ్ళు ఈ దారి పట్టొద్దు. కట్టడం ఆపిన నెలలన్నీ రిపోర్ట్‌లో ఎక్కుతాయి, సెటిల్ అయ్యాక కూడా అక్కడ క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్ళు ముందు అదే అడుగుతారు. ఉద్యోగం పోయి, ఇంట్లో జబ్బు చేసి నిజంగా కట్టలేనివాళ్ళకి సెటిల్‌మెంట్ ఒక దారే, దాన్ని తప్పనను, కానీ అది మీరే బ్యాంకుకి ఉత్తరం రాసి అడగొచ్చు, మధ్యలో మనిషికి ఫీజు ఎందుకు.

బంగారం, చిట్టీ రెండూ లేనివాళ్ళు ఏం చేయాలి అని అడుగుతారు. రెండు నెలల షరతు వాళ్ళకీ అంతే. ఆ తర్వాత కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమనండి, వడ్డీ సాధారణంగా మామూలు కార్డు వడ్డీలో సగం కన్నా తక్కువే పడుతుంది. 86 వేలు 16 శాతానికి 24 నెలలు పెడితే నెలకి 4,211, వడ్డీ భాగం మీద జీఎస్టీ అదనం. ఒప్పుకునే ముందు ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంత అని అడిగి, చెప్పింది మెయిల్‌లో పెట్టించుకోండి. ఈఎంఐ నడుస్తున్నంత కాలం ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు, కొంటే మళ్ళీ మొదటికే వస్తారు.

అప్పు తీరాక వీళ్ళు చేసిన చివరి పని, మూసేసిన రెండు కార్డులకీ నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) తీసుకుని, నెలన్నర ఆగి రిపోర్ట్ మళ్ళీ తీయడం. ఒక కార్డు క్లోజ్డ్ అనే ఉంది, ఇంకోదాని మీద మాత్రం 2,400 బాకీ అని, అకౌంట్ ఓపెన్ అని చూపిస్తోంది. లెటర్ జత చేసి బ్యాంకుకీ సిబిల్‌కీ ఒకే రోజు కంప్లైంట్ పెట్టించాను. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రూలుంది, అది కూడా మెయిల్‌లో రాయించాను. గడువులోపే సరిచేశారు.